జీవో 111 ఉండాలా, పోవాలా? మధ్యలో రైతు సంగతేంటి?

నీటిలెక్క:
హైదరాబాద్ పక్కనున్న గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల ఎగువన 84 గ్రామాల్లో కాలనీలు, పెద్ద హోటళ్లు, కాలుష్య పరిశ్రమలు రాకుండా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996 మార్చి 8న జీవో 111 ఇచ్చింది. దాని కింద 1.32 లక్షల ఎకరాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఇచ్చి ఆంక్షలు తీసేస్తున్నామన్నారు. 2023 మేలో కేబినెట్ పూర్తిగా రద్దు చేస్తామంది. నగరం ఇప్పుడు ఈ చెరువుల మీద ఆధారపడటం లేదు, కృష్ణా గోదావరి నీళ్లొస్తున్నాయి, ఇంకా ఆంక్షలెందుకు అన్నది అప్పుడు చెప్పిన కారణం.

నేను రద్దుకు వ్యతిరేకం. ఈ రెండూ కట్టింది తాగునీటికి మాత్రమే కాదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, వరదను నగరానికి పైనే ఆపాలని విశ్వేశ్వరయ్య చెబితే కట్టారు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. పైన పొలం ఉంటే వాన కొంత ఇంకుతుంది, మిగతాది ఆగి ఆగి వస్తుంది. అదే నేల మీద స్లాబులు, సీసీ రోడ్లు పడితే మొత్తం ఒకేసారి దిగుతుంది. 2025 సెప్టెంబర్‌లో ఈ చెరువుల గేట్లెత్తాక మూసీ ఒడ్డునున్న ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. పైన ఇంకా పొలాలు మిగిలి ఉండగానే ఆ పరిస్థితి.

మొయినాబాద్ మట్టి:
నీటిలెక్క గారూ, లెక్క బాగుంది. మీ నగరం మునగకుండా మా భూమి కాపలా కాయాలి. సరే, మరి జీతం ఎవరిస్తారు?

మాది మూడెకరాల పట్టా. టమాటా, క్యారెట్, పండగల ముందు బంతి. గండిపేట కట్టకు అవతల కోకాపేటలో 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరం 100 కోట్లు దాటింది. చెల్లి పెళ్లికి మేం ఎకరం అమ్ముదామంటే వచ్చినవాడు ముందు అనే మాట "ట్రిపుల్ వన్‌లో ఉంది కదా". ఆ మాటతోనే రేటు పడిపోతుంది. తీరా కొన్నాక వాడే చుట్టూ ప్రహరీ లేపి, స్విమ్మింగ్ పూల్ తవ్వి ఫామ్‌హౌస్ అంటాడు.

మా గెట్టుకు ఆనుకుని ఒక ఫంక్షన్ హాల్ ఉంది. ముహూర్తాలున్న రోజుల్లో అర్ధరాత్రి దాకా డీజే. పొద్దున లేచేసరికి ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ ప్లేట్లు మా బంతి సాళ్లలో ఉంటాయి. వంటశాల నుంచి వచ్చే జిడ్డు నీళ్లు నాలుగంగుళాల పైపులో నేరుగా ఒర్రెలోకి పోతాయి, ఆ ఒర్రె హిమాయత్‌సాగర్‌కు. దాన్ని అడిగినవాడు లేడు. మేం పశువుల కొట్టానికి రేకులు మారుస్తుంటే మాత్రం బండేసుకుని ఒకాయన వచ్చి పర్మిషన్ ఉందా అన్నాడు. మీరు కాపాడుతున్న జీవో మా ఊళ్లో ఇలా నడుస్తోంది.

గుంటల బాబాయ్:
నేను కొన్నవాళ్లలో ఒకణ్ని, తిట్టేముందు వినండి. ఐదు గుంటలు, అంటే 605 గజాలు. నగరంలో టూ బీహెచ్‌కే ధరకు అక్కడ నేల దొరికింది. హైదరాబాద్‌కు ఏటా జనం వస్తూనే ఉంటారు, వాళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి. పడమర వైపు ఇంత భూమికి తాళం వేసి, ఇళ్ల రేట్లు మండిపోతున్నాయని మళ్లీ మనమే ఏడుస్తాం.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
బాబాయ్, ఒక్క మాట. ఆ ఐదు గుంటల్లో మీరు ఇల్లు కట్టుకుని ఉంటారా, జీవో పోగానే అమ్ముతారా?

గుంటల బాబాయ్:
అప్పటి రేటును బట్టి.

నీటిలెక్క:
అదీ విషయం. 1.32 లక్షల ఎకరాలంటే సుమారు 534 చదరపు కిలోమీటర్లు. పాత జీహెచ్‌ఎంసీ మొత్తం విస్తీర్ణమే 650. అంత నేల ఒక్కసారి తెరిస్తే ముందు వచ్చేది ఇళ్లు కాదు, బ్రోషర్లు. శ్రీగంధం మొక్కలు నాటి గుంటల లెక్కన అమ్ముతున్న ఫామ్‌ప్లాట్లన్నీ ఎవరైనా నివసించడానికేనా?

ఇక తాగునీటికి అక్కర్లేదన్న మాట. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి ఈ రెండు జలాశయాల్లో నింపే పథకానికి 2025 సెప్టెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. పనికిరాని చెరువులైతే అన్ని కోట్లు పెట్టి నింపడం ఎందుకు? పైగా ఈ చెరువుల పరిధిలో నూనెల ఫ్యాక్టరీ పెడతామన్న కేసులో 2000 డిసెంబర్‌లోనే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. హాని జరుగుతుందని మనం రుజువు చేయనక్కర్లేదు, జరగదని పెట్టేవాడే రుజువు చేయాలన్న సూత్రం మన దేశంలో గట్టిపడింది ఆ కేసులోనే.

మృగవని మిత్రుడు:
అడవి మాటెవరూ ఎత్తడం లేదు. చిలుకూరు పక్కన మృగవని జాతీయ పార్కు కూడా ఆ పల్లెల మధ్యే ఉంది. చుట్టూ పొలాలున్నాయి కాబట్టి జింక కంచె దాటినా బతుకుతోంది, రేపు చుట్టూ గేటెడ్ కమ్యూనిటీలైతే అది జూ పార్కే. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లు కొట్టడం మొదలుపెడితే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. ప్రతిసారీ ఢిల్లీ దాకా పరుగెత్తలేం కదా.

జర్మన్‌టౌన్ తాతయ్య:
అబ్బాయిలూ, నేను రిటైరయ్యి మేరీల్యాండ్‌లో మావాడి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ మాంట్‌గొమరీ కౌంటీ వాషింగ్టన్‌కు పక్కనే. మన మొయినాబాద్‌లాగే రియల్ ఎస్టేట్ వాళ్ల కన్ను ఎప్పుడూ పొలాల మీదే ఉండేది. మా ఇంటి నుంచి కాసేపు కారులో పోతే టౌన్‌హౌస్‌లు ఆగిపోయి మొక్కజొన్న మొదలవుతుంది. అది వాళ్లంతట వాళ్లు కట్టడం మానేస్తే మిగిలిన పొలం కాదు. 1980లో చట్టం పెట్టి దాదాపు 93 వేల ఎకరాలు వ్యవసాయానికి కేటాయించారు. అంతకుముందు ఐదెకరాలకో ఇల్లు కట్టుకోనిచ్చేవారు, దాన్ని పాతికెకరాలకో ఇల్లు చేశారు.

ఆ రోజు అక్కడి రైతులూ మన మట్టి అబ్బాయిలాగే మండిపడ్డారు. దానికి వాళ్లు చేసిన ఏర్పాటు ఇది: ప్రతి ఐదెకరాలకూ రైతుకు ఒక హక్కు ఇచ్చారు. తన పొలంలో కట్టకుండా, ఆ హక్కును కౌంటీలో వేరేచోట ఎక్కువ ఇళ్లు కట్టాలనుకునే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. అమ్మాక ఆ పొలం మీద ఇక కట్టకూడదని కాగితాల్లో ఎక్కుతుంది, రేపు వేరేవాడు కొన్నా అదే షరతు. పొలం రైతుదే, పంట రైతుదే, ఇళ్ల డబ్బు కూడా కొంత రైతుకే. దీన్నే టీడీఆర్, అంటే కట్టుకునే హక్కును వేరేచోటికి బదిలీ చేయడం అంటారు.

సెట్‌బ్యాక్ శాస్త్రి:
తాతయ్య గారూ, ప్లానింగ్ చదువుకున్నవాణ్ని, ఈ సలహా ఎప్పుడు విన్నా ఒక్కచోట ఆగిపోతాను. టీడీఆర్ మన దగ్గరా ఉంది. రోడ్డు వెడల్పులో స్థలం ఇచ్చినవాళ్లకు జీహెచ్‌ఎంసీ డబ్బుకు బదులు ఆ సర్టిఫికెట్లే ఇస్తోంది. చిక్కు ఎక్కడంటే, 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి మొత్తం ఎంత కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశారు. రోడ్డు వెడల్పుంటే, సెట్‌బ్యాక్, అంటే భవనం చుట్టూ ఖాళీ, వదిలితే, అనుమతులు తెచ్చుకుంటే నలభై అంతస్తులైనా వేసుకోవచ్చు. మాంట్‌గొమరీ బిల్డర్‌కు హద్దు ఉంది కాబట్టి ఆ హద్దు దాటడానికి రైతు దగ్గర కొంటాడు. మన బిల్డర్‌కు ఆకాశమే ఉచితంగా దొరుకుతుంటే మొయినాబాద్ రైతు హక్కు ఎందుకు కొంటాడు? ఇప్పుడున్న సర్టిఫికెట్లు కొనేది ఎక్కువగా ఒక అంతస్తు అదనంగా కావాలన్నవాళ్లు, సెట్‌బ్యాక్ తగ్గించుకోవాలన్నవాళ్లు. 1.32 లక్షల ఎకరాల హక్కులు ఆ చిన్న మార్కెట్‌లో పడితే చిత్తుకాగితాల రేటుకు కూడా పోవు.

కాబట్టి ఎగువన జీవో 111 నిలవాలంటే దిగువన కోకాపేట, నార్సింగిలో ఎత్తుకు ఒక హద్దు పెట్టాలి. ఫలానా అంతస్తు దాటితే రైతు హక్కు కొని రావాల్సిందే అనాలి. ఈ రెండోది లేకుండా మొదటిది మాట్లాడితే మొయినాబాద్ మట్టి కోపం న్యాయమే. నగర ప్రయోజనం అంటూ బిల్లు ఒక్క ఊరికే పంపడం చట్టం పేరుతో జరుగుతున్న జబర్దస్తీ.

గుంటల బాబాయ్:
అంటే కోకాపేట ఫ్లాట్ రేటు ఇంకా పెరుగుతుంది. మళ్లీ కొనేవాడి నెత్తినే.

సెట్‌బ్యాక్ శాస్త్రి:
పూర్తిగా కాదు. అంతస్తులకు ఖర్చుందని ముందే తెలిస్తే బిల్డర్ వేలంలో భూమికి అంత పాడడు. ఎకరం 100 కోట్లు పలికిందే అంతస్తులకు లెక్క లేదు కాబట్టి. కొంత మీ మీద పడుతుంది, కాదనను. మూసీ వరదలో కొట్టుకుపోయే వాళ్ల మీద పడటం కన్నా అక్కడ పడటం మేలని నా అభిప్రాయం.

నీటిలెక్క:
శాస్త్రి గారి షరతుకు నేను ఓటేస్తాను. కొత్త చట్టం వచ్చేదాకా మాత్రం 111 కదలకూడదు. ముందు ఎత్తేసి తర్వాత ఏర్పాటు చూద్దామంటే ఆ మధ్యలోనే అంతా అయిపోతుంది.

మొయినాబాద్ మట్టి:
తాతయ్యా, శాస్త్రన్నా, మీరు చెప్పింది మా నాయినకు చదివి వినిపించా. ఆయన అడిగినవి రాస్తున్నా. ఆ హక్కు కాగితానికి రేటు ఎవరు కడతారు, కొనేవాడు రాకపోతే సర్కారు ఇంత కనీస ధరకు కొంటుందా? రెండోది, ఊరు ఊరంతా జాబితాలో రాసేశారు. మా ఊళ్లో కొన్ని సర్వే నంబర్ల నీళ్లు చెరువు వైపు పారవు. వాటిని విడదీస్తారా? వట్టినాగులపల్లి విషయంలో ఈ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. మూడోది, ఇప్పటికే కట్టిన ఫంక్షన్ హాల్‌ను రెగ్యులరైజ్ చేసి, కట్టని మాకు కాగితం చేతిలో పెడతారా?

సెట్‌బ్యాక్ శాస్త్రి:
కనీస ధర లేకుండా ఈ పథకం మొదలుపెట్టకూడదు, అది మొదటి క్లాజుగానే ఉండాలి. సర్వే నంబర్ల సంగతి నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ మ్యాపు పెట్టి తేల్చొచ్చు, కష్టం కాదు. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఇవ్వలేదు.