పాతబస్తీ దేవిడిలో రెస్టారెంట్, తహఖానాలో వైన్ సెల్లార్: సున్నపు గోడలు తట్టుకుంటాయా?

దేవిడి_దర్వాజా:
హైదరాబాద్ పాతబస్తీలో నూరేళ్లు దాటిన దేవిడి, అంటే పాతకాలపు పెద్ద భవంతి. నడుమ హౌజ్ (నీటి తొట్టి), చుట్టూ కమానుల దాలాన్లు (వరండాలు), పైన టేకు దూలాలు, ఒక మూల మెట్లు దిగితే తహఖానా (నేలమాళిగ). గోడలు రాయి, డంగుసున్నం, రెండడుగుల మందం. దాలాన్లలో 60 మందికి రెస్టారెంట్, కింద 800 సీసాల వైన్ సెల్లార్ అనుకుంటున్నాం. కాంట్రాక్టరు మాట ఇది: పెచ్చులూడిన చోట సిమెంటు పూసి పుట్టీ పెడదాం, తహఖానా ఎలాగూ చల్లగా ఉంటుంది కాబట్టి మెషీను అక్కర్లేదు, వంటగది వెనక దాలాన్లో పెట్టొచ్చు. వీటిలో ఏది ఒప్పుకోవచ్చు?

గచ్చుపని:
ఒక్కటీ వద్దండి. సున్నం సంగతి వరకు చెబుతాను.

రాతిసున్నం గోడ నేలలోని చెమ్మను పీల్చి, పూతలోంచి బయటికి వదులుతుంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు సిమెంటు వెనక పేరుకుని లోపలి సున్నాన్ని పొడి చేస్తుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బుతుంది, వేలితో తడితే డొల్లగా మోగుతుంది. ఊడేటప్పుడు సిమెంటు ఒక్కటే ఊడదు, గోడ మీది పాత గచ్చుపువ్వుల్ని (సున్నంతో చేసిన పూల నగిషీని) కూడా పట్టుకుని ఊడుతుంది. పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు చేసే చెరుపూ ఇదే.

కాల్చిన సున్నాన్ని నీళ్లలో చల్లార్చి, నీళ్ల కిందే కనీసం నెల ఉంచండి. ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఏటి ఇసుక. తహఖానా లాంటి చెమ్మ చోట ఇసుకలో సగం తీసేసి ఇటుకపొడి కలపాలి. కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు పోస్తూ జిగురు వచ్చేదాకా గానుగలో తిప్పించండి. గోడను ముందురోజు నుంచే తడపాలి, లేకపోతే పొడి గోడ కొత్త సున్నంలోని నీళ్లు లాగేసుకుంటుంది. ఒక్కో పూత 10–12 మిల్లీమీటర్లు దాటకూడదు. మందంగా వేస్తే పైన ఆరి, లోపల పచ్చిగా ఉండి నెర్రెలిస్తుంది. రెండు వారాలు తడి గోనెపట్టాలు కప్పండి. నడి వేసవిలో ఈ పని మొదలుపెట్టకండి.

సీసా_బిరడా:
బయట 42 డిగ్రీలున్నప్పుడు కింద 28 ఉంటే మనకు చల్లగానే అనిపిస్తుంది. వైన్‌కి అది వేడే. భూమి లోపలి వేడి ఆ ఊరి ఏడాది సగటు దగ్గర నిలుస్తుంది. బోర్డోలో ఆ సగటు 13–14, హైదరాబాదులో 26–27. ఇరాన్ ఇళ్లలో నేల కింద ఉండే సర్దాబ్ గది లాగే తహఖానా కూడా మధ్యాహ్నం మనుషులు సేదతీరడానికి కట్టింది.

వైన్‌కి 12–14 డిగ్రీలు, గాలిలో తేమ 60–70 శాతం, రోజంతా ఒకేలా ఉండాలి. ఇంటి ఏసీ మామూలుగా 16కి కిందికి దిగదు, పైగా గాలిని ఎండబెడుతుంది. బిరడా ఎండితే సీసాలోకి గాలి దూరుతుంది. సెల్లార్ కోసమే చేసిన కూలింగ్ యూనిట్ పెట్టాలి.

ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే: యూనిట్ తెచ్చి సున్నపు గోడల గదినే చల్లబరుస్తారు. వానాకాలం గాలి తగిలితే ఆ గోడ చల్లనీళ్ల గ్లాసులా చెమరుస్తుంది, నెలల్లో బూజు పడుతుంది. అందుకని గదిలో గది కట్టండి. 100 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లతో (వేడిని ఆపే నురుగు నింపిన పలకలతో), పాత గోడకు ఎటుచూసినా ఆరంగుళాల ఎడంగా, కిందా పైనా కూడా ప్యానెళ్లతోనే. ఆవిరిని ఆపే పొర వేడివైపు, అంటే బయటివైపు ఉండాలి. చలిదేశాల ఇళ్ల డ్రాయింగు చూసి లోపలివైపు వేస్తే ఇన్సులేషన్ నానిపోతుంది. ఆ ఎడంలో గాలి ఆడాలి, పాత రోషన్‌దాన్లు (గోడ పైభాగంలోని గాలి, వెలుతురు కంతలు) మూయకండి. యూనిట్ వేడిగాలి గొట్టంతో ఆరుబయటికి పోవాలి, కారే నీళ్లు కాలువలోకి. 800 సీసాలంటే ర్యాకులు కాక టన్ను పైమాటే, టేకు దూలాల మీద మాత్రం వద్దు.

దూలం_వాసం:
దాలాన్లో పొయ్యి పెడితే నూనె ఆవిరి సున్నంలోకి ఇంకుతుంది. కడిగితే సున్నమే వస్తుంది, మరక పోదు. వంటగది పెరట్లో విడి షెడ్డుగా కట్టండి, సిలిండర్లు దానికీ బయట. కరెంటు పైపులు గోడ తొలవకుండా పైనుంచే లాగండి, మేకులు రాళ్ల మధ్య సున్నపు సందుల్లోనే దిగాలి. దూలం గోడలో దూరే చోట సిమెంటు నింపితే కొస కుళ్లుతుంది, చెదలూ అక్కడే పడతాయి. చుట్టూ వేలెడు సందు ఉండనివ్వండి.

దేవిడి_దర్వాజా:
చాలా థాంక్స్ అండి. హౌజ్‌లో నీళ్లు నింపొచ్చా?

గచ్చుపని:
ముందు కారుతోందేమో చూడాలి. అంచుదాకా నింపి గీత గీయండి. పక్కనే నిండు బకెట్ పెట్టి దానికీ గీత పెట్టండి. 24 గంటలకు రెండింటిలో తగ్గుదల కొలవండి. బకెట్‌లో తగ్గింది ఆవిరి లెక్క. హౌజ్‌లో అంతకు మించి తగ్గితే హౌజ్ కారుతున్నట్టే, ఆ నీళ్లు మీ తహఖానా గోడకూ చేరొచ్చు.

సీసా_బిరడా:
ఇంకొకటి. బార్ లైసెన్సుకి గుడి, మసీదు, బడి నుంచి దూరం షరతు ఉంటుంది, పాతబస్తీలో చాలా ఇళ్లకు అదే అడ్డు. ఎక్సైజ్ వాళ్లతో కొలిపించాకే ప్యానెళ్లకు అడ్వాన్సు ఇవ్వండి.