‘అట’ తీసేసి ‘ప్రతీతి’ అని రాస్తే సరిపోతుందా?

సీతమ్మధార నుంచి ప్రశ్న:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఈమధ్యే తెవికీలో (తెలుగు వికీపీడియాలో) రాయడం మొదలుపెట్టాను. మన విశాఖపట్నానికి ఆ పేరెలా వచ్చిందో చెప్పే చోట "పూర్వం ఈ తీరంలో వైశాఖేశ్వరుడి గుడి ఉండేదట, దాన్ని సముద్రం ముంచేసిందట" అని రాస్తే ఒకాయన తీసేశారు. ‘అట’ మాట్లాడే భాష కదా, అందుకేనేమో అనుకుని "ముంచేసిందని ప్రతీతి" అని మార్చి మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీసేశారు. ఈలోగా ఇంకెవరో వచ్చి, ఇసాక్ మదీనా దర్గా పేరు మీద ఇసాకపట్నం, అదే విశాఖపట్నం అయిందని రాశారు, దాన్ని మరొకరు కొట్టేశారు. మాటా మాటా పెరుగుతోంది, నాకు టెన్షన్‌గా ఉంది. అట, అంటారు, నానుడి, ప్రతీతి, వీటిలో విజ్ఞాన సర్వస్వంలో ఏది రాయొచ్చు?

ఎంవీపీ కాలనీ నుంచి:
అమ్మా, ఇది వ్యావహారికం, గ్రాంథికం గొడవ కాదు. ‘ఉండేదట’ అంటే నేను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాను అని. ‘ప్రతీతి’ అంటే ప్రసిద్ధి, నలుగురూ నమ్మేది అని. అంటే మాట మార్చేసరికి నీ వాక్యం ఇంకా పెద్ద సంగతి చెబుతోంది, ఊరందరి తరఫునా సాక్ష్యం ఇస్తోంది. ఆధారం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పంచె కట్టి ఉత్తరీయం వేసుకున్న ‘అట’నే మనం ప్రతీతి అంటున్నాం.

నన్నడిగితే తెలుగులో ‘అట’ అంత నిజాయితీ గల మాట ఇంకోటి లేదు. రాత్రి భీమిలిలో వాన పడింది అంటే "నువ్వు చూశావా?" అంటారు, పడిందట అంటే ఎవరూ ఏమీ అడగరు, ఆ ఒక్క అక్షరంతో మన పూచీ తీరిపోతుంది. తెవికీలో సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ ‘అట’ అనగానే ఎవరన్నారో చెప్పే పూచీ మొదలవుతుంది. "అంటారు" కూడా అంతే. మన భాషలో కర్త లేకుండా క్రియ హాయిగా నడిచిపోతుంది కాబట్టి ఎవరంటారో చెప్పలేదన్న సంగతి రాసేవాడికే తట్టదు, అవతలివాడు వచ్చి "ఆధారం చూపాలి" అని తగిలించేదాకా.

గాజువాక నుంచి:
ఏటి మాస్టారూ, ఊళ్ళో ఏ ముసలమ్మనడిగినా చెప్తాది గుడి ములిగిపోనాదని. దానికి కాగితం ఏటి? దొర రాస్తే చరిత్ర, మా అవ్వ చెప్తే అటానా? ఆ దొర మాత్రం ఎవర్నడిగి రాశాడు, మా అవ్వకి అవ్వనే కదా!

ఎంవీపీ కాలనీ నుంచి:
మంచి మాటే అడిగావు తమ్ముడూ, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. దొర రాశాడు కాబట్టి నిజం అని ఎవరూ అనడం లేదు. కరీంనగర్‌లో కూర్చుని చదివేవాడు మీ అవ్వను అడగలేడు, 1907లో ఫ్రాన్సిస్ దొర రాసిన జిల్లా గెజిటీరు, అంటే జిల్లా వివరాల పుస్తకం, తెరిచి మనం చెప్పిన పేజీ చూసుకోగలడు, తేడా అంతవరకే. పైగా ఏ అవ్వ మాట రాద్దాం? గుడి కట్టించింది కులోత్తుంగ చోళుడని కొందరంటారు, కాశీకి పోతూ ఇక్కడ దిగిన ఆంధ్ర రాజు ఎవరో అని ఇంకొందరు. రెండు అటలు తగువులాడుకుంటుంటే మూడో అట తీర్పు చెప్పలేదు కదా. అయినా నోటి మాటకి అక్కడ చోటు తక్కువే, అది లోటే అని నేనూ ఒప్పుకుంటాను. జానపద కథలు సేకరించినవాళ్ళు అచ్చు వేస్తేనే అవి మూలంగా పనికొస్తాయి.

పెదవాల్తేరు నుంచి:
ఆధారం దొరికాక అందరూ రాసేది "ఫలానావారి ప్రకారం". దయచేసి అది మానండి, అనువాదం వాసన వేస్తోంది. "అని ఫలానావారు రాశారు" అంటే అచ్చమైన తెలుగు, కర్తా దొరికాడు. "చెప్పబడుతోంది", "భావించబడుతోంది" అయితే మరీ ఘోరం, కర్తను దాచడానికి తప్ప అవి ఎందుకూ పనికిరావు. ఇంకో సంగతి, విశాఖుడు అంటే కుమారస్వామి అని అమరకోశంలో ఉంది కాబట్టి ఊరి పేరు అలాగే వచ్చిందని ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. అమరకోశం ఆ దేవుడి పేరు చెప్పిందే గానీ మన ఊరి ఊసు ఎత్తలేదు. ఆ రెండింటినీ ముడివేసింది మనమైతే అది మౌలిక పరిశోధన, అంటే ఏ మూలంలోనూ లేని మన సొంత తీర్మానం, తెవికీలో కుదరదు. ముడి వేసిన చరిత్రకారుడు ఎవరైనా ఉంటే ఆయన పేరు రాయాలి.

సీతమ్మధార నుంచి:
అర్థమైంది సార్. కానీ గొడవ ఆగేదెలా? నేను మళ్ళీ పెడితే ఆయన మళ్ళీ తీసేస్తారు.

ఎంవీపీ కాలనీ నుంచి:
పెట్టకు. ముందు వ్యాసం పక్కనే ఉన్న చర్చా పేజీకి వెళ్ళు. ఇంగ్లీషు వికీలో అయితే ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పుల్ని వెనక్కి తిప్పితే నిషేధం పడొచ్చు, అలాగని మూడుసార్లు మన హక్కూ కాదు, మూడు తిప్పుళ్ళు కూడా దిద్దుబాటు యుద్ధమే. పేజీ చరిత్రలో (మార్పుల జాబితాలో) ఆయన తీసేసినప్పుడు రాసిన సారాంశం చదువు, చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది. చర్చా పేజీలో "మీకేం తెలుసు" అని మొదలుపెట్టకుండా ఇలా రాయి: "మూలం లేదని తీసేశారు, సరే. ఈ కథ ఫలానా పుస్తకం ఫలానా పేజీలో ఉంది. స్థానిక కథనం అని చెబుతూ ఈ కింది వాక్యం పెడదామనుకుంటున్నాను, మీ అభ్యంతరం ఏమిటో చెప్పండి." కింద వాక్యం మొత్తం అతికించు. నాలుగు టిల్డేలు (~~~~) కొట్టి సంతకం పెట్టు. రెండు మూడు రోజులు ఆగు, అందరికీ ఉద్యోగాలున్నాయి. దర్గా కథ రాసినవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. మూలం ఉంటే అదీ పక్కనే ఉంటుంది, ఏది నిజమో మధ్యలో మనం తేల్చకూడదు. ఏ కథకి ఎంత చోటివ్వాలో మూలాల బలాన్ని బట్టి ఉంటుంది.

అప్పటికీ తెగకపోతే ఈ విషయం తెలిసిన మూడో మనిషిని పిలువు, లేదా తెవికీలో అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీలో పెట్టు. నిర్వాహకుడి దగ్గరికి పరిగెత్తి "మీరే చెప్పండి ఎవరిది రైటో" అంటే లాభం లేదు, ఆయన పేజీకి తాళం వేయగలడు గానీ ఊరి పేరుకి వ్యుత్పత్తి చెప్పడం ఆయన పని కాదు. చేతులెత్తి లెక్కపెట్టడమూ కాదు, పదిమంది మూలం లేకుండా అవునన్నదాని కంటే ఒక్కడు పేజీ నంబరుతో చెప్పింది నిలుస్తుంది.

మర్చిపోయాను, ‘అట’కి ఇంకో ముఖం ఉంది. "పెద్ద పండితుడట!" అంటే వినికిడి కాదు, వెక్కిరింత. చర్చా పేజీలో "మీరు చరిత్ర చదివారట కదా" అని మామూలుగా రాసినా అవతలివాళ్ళకి చురుక్కుమంటుంది. గొంతు వినపడని చోట ఆ ‘ట’ జోలికి పోకు.

భీమిలి నుంచి:
ఇంతకీ "ఫ్రాన్సిస్ రాశారు" అని రాయాలా, "రాశాడు" అనా? తెవికీలో అందరికీ ఏకవచనమే అంటారు, మా నాన్నగారు చూస్తే ఊరుకోరు.

పెదవాల్తేరు నుంచి:
అంటారు అన్నారు. ఎవరంటారు?

ఎంవీపీ కాలనీ నుంచి:
అది వాళ్ళ శైలి పేజీలోనే ఉంది, దాని మీద అక్కడ బోలెడు చర్చ కూడా జరిగింది. ‘గారు’ గురించి వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ మొదలైతే ఈ అమ్మాయి ప్రశ్న కొట్టుకుపోతుంది.