మొదటి బుష్‌క్రాఫ్ట్ కత్తి: ఏ స్టీల్, ఏ పిడి?

విశాఖ_వాన:
అందరికీ నమస్తే. మాది వైజాగ్. అరకు వైపు తెలిసినవాళ్ల కాఫీ తోటలో అప్పుడప్పుడు టెంట్ వేసుకుంటాం. ఇప్పటిదాకా వంటింటి కత్తితోనే నెట్టుకొస్తున్నాం, ఇప్పుడు అడవిలో చిన్న చిన్న పనులకు వాడే బుష్‌క్రాఫ్ట్ కత్తి మంచిది ఒకటి కొందామని చూస్తున్నా. పని ఏమీ పెద్దది కాదు, ఎండు కట్టెను సన్నగా చీల్చడం, టెంట్‌కి మేకులు చెక్కడం, కూరగాయలు, తాళ్లు కోయడం, అంతే. పొదలు కొట్టడానికి తోటవాళ్ల దగ్గర కత్తులు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే స్టీల్ రకం ఒకడు 1095 అంటాడు, ఒకడు డీ2 అంటాడు, ఇంకొకడు ఉత్తి 440 అని రాసి ఊరుకుంటాడు. పిడికేమో మైకార్టా, జీ10, రోజ్‌వుడ్, తల తిరిగిపోతోంది. మా ఇంట్లో సముద్రపు గాలికి గేటు తాళమే ఆగదు, అలాంటిది కార్బన్ స్టీల్ తీసుకుంటే ఉంటుందా? ఇంకో సంగతి, మా అత్తగారి ఊళ్లో కమ్మరాయన లారీ కమాను పట్టీతో చేసిస్తానంటున్నారు. బడ్జెట్ మూడు నాలుగు వేలు. ఏం చెయ్యమంటారు?

మంచుదేశం:
నేను స్వీడన్‌లో ఉంటాను కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే, మోరా అనే ఇక్కడి బ్రాండులో కంపానియన్ స్టెయిన్‌లెస్ కత్తి తీసుకోండి. ఇక్కడ అది అడవికెళ్లేవాళ్ల స్పెషల్ ఐటమ్ ఏమీ కాదు, హార్డ్‌వేర్ షాపులో సుత్తుల పక్కన వేలాడుతుంది, వడ్రంగులు నడుముకి తగిలించుకు తిరుగుతారు. అలుగు, అంటే కోసే ఇనుప భాగం, సుమారు 10 సెం.మీ. పొడవు, 2.5 మి.మీ. మందం. స్టీల్ 12సీ27, అంటే కార్బన్ 0.6 శాతం, తుప్పును ఆపే క్రోమియం 13.5 శాతం దాకా ఉంటుంది, మీ వైజాగ్ గాలికి బాగానే తట్టుకుంటుంది. అసలు దాని గొప్పదనం స్టీల్‌లో కన్నా అంచు తీసిన తీరులో ఉంది. స్కాండీ గ్రైండ్ అంటారు కదా, అలుగు సగం దాకా సమంగా వచ్చి అక్కడి నుంచి అంచు దాకా ఒకే వాలు. ఆ వాలును సాన రాయి మీద పూర్తిగా ఆనించి తోస్తే చాలు, ఏ కోణంలో పట్టుకోవాలో లెక్కలు అక్కర్లేదు, కత్తే చూపిస్తుంది. చెక్కను గీరుతుంటే చేయి జారకుండా లోపలికి దిగుతుంది. టమాటాలు తరగడానికి మాత్రం అంత బాగోదు, చీల్చినట్టు అవుతుంది.

కొలిమి_సెగ:
పైన అన్నగారు చెప్పింది నిజమే గానీ కంపానియన్‌లో అలుగు ఇనుము పిడి చివరిదాకా రాదు, ఆ సంగతి కూడా చెప్పాలి. దుంగ మీద కత్తి పెట్టి వెనక నుంచి కర్రతో కొట్టి చీల్చే అలవాటు ఉంటే ఫుల్ టాంగ్, అంటే ఇనుము పిడి చివరిదాకా వచ్చేది, చూసుకోవడం మేలు. మణికట్టు లావు కట్టెలైతే మోరా కూడా చాలు.

ఇక స్టీల్ గురించి. మాది కొలిమి పని చేసిన ఇల్లే, అందుకని కాస్త గట్టిగా చెప్తున్నా: పేరు చూసి కొనకండి. 1095లో కార్బన్ 0.95 శాతం, క్రోమియం దాదాపు లేనట్టే. అదే 1095ని సరిగ్గా కాల్చినవాడి చేతిలో ఏళ్ల తరబడి పనిచేసే కత్తి అవుతుంది, అదరాబాదరాగా కాల్చినవాడి చేతిలో రేకు ముక్క అవుతుంది. డీ2లో కార్బన్ 1.5, క్రోమియం 12 దాకా ఉంటుంది, అయినా పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, ఎందుకంటే ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులైపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. పదును చాలాకాలం నిలుస్తుంది, కానీ మామూలు రాయి మీద సాన పట్టాలంటే చుక్కలు కనిపిస్తాయి, కొట్టి చీల్చే పనికి అంచు పెచ్చులూడే ప్రమాదం ఉంది. ఉత్తి 440 అని రాసి పక్కన సీ లేదంటే అనుమానించండి, 440ఏ, 440సీ ఒకటి కావు.

మీ అత్తగారి ఊరి కమ్మరాయన దగ్గరికి వద్దామా. కమాను పట్టీ మంచి సరుకే, దెబ్బకు విరగదు, కొడవళ్లకీ గొడ్డళ్లకీ మన ఊళ్లలో వాడేదదే. చిక్కెక్కడంటే పాత పట్టీల్లో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి. అందుకని వీలైతే వాడని ముక్క పెట్టమనండి. ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోని వేడి దాటాక నూనెలో ముంచుతారా అని అడగండి. ముంచాక మళ్లీ మెల్లగా వేడి చేసి, తోమిన ఇనుము మీద లేత గడ్డి రంగు తేలగానే ఆపాలి, రంగు నీలానికి పోయిందంటే ఈ సైజు కత్తికి అంచు మరీ మెత్తబడ్డట్టే. ఈ రెండోసారి కాల్చడం మానేస్తే గాజులా పెళుసుగా ఉంటుంది. చేతికొచ్చాక అంచును ఇత్తడి కడ్డీ మీద ఏటవాలుగా ఆనించి కొంచెం నొక్కి జరపండి. వెలుతురులో చూస్తే అంచు కడ్డీ మీద కొద్దిగా వంగి, దాటగానే మళ్లీ నిటారుగా రావాలి. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, ముక్క ఊడితే పెళుసు. అంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

స్టెయిన్‌లెస్ మాత్రం బొగ్గు కొలిమిలో అడగకండి. దానికి వెయ్యి డిగ్రీలు దాటి, ఆ వేడిని నిలకడగా పట్టి ఉంచాలి. అది ఫర్నేస్ ఉన్నవాళ్ల పని.

ఆదిలాబాద్_బాట:
పిడి సంగతి ఎవరూ ఎత్తలేదే. పది నిమిషాలు చెక్క గీరితే అరచేతిలో బొబ్బలెక్కించే పిడి ఉంటే మీ స్టీల్ ఏదైతే ఏం? వేళ్ల కోసం నాలుగు గాడులు తీసిన పిడులు ఫొటోలో బాగుంటాయి, పట్టు మార్చితే ఆ గట్లే గుచ్చుకుంటాయి. సాదాగా, అడ్డంగా కోస్తే కోడిగుడ్డు ఆకారంలో కనిపించేది తీసుకోండి. మైకార్టా అంటే గుడ్డ పొరలకు రెసిన్ పట్టించి నొక్కినది, నున్నగా పాలిష్ చేయకుండా ఉంటే తడిచేతికి ఇంకా బాగా పట్టు దొరుకుతుంది, నా ఓటు దానికే. జీ10 అంటే గాజు నార, ఎపాక్సీ, బండలా ఉంటుంది, మెరుగు పెట్టేస్తే తడిలో జారుతుంది. కట్టె పిడి చలిలో చేతికి హాయిగా ఉంటుంది గానీ మీ కోస్తా తేమకి ఉబ్బి, ఎండకి ముడుచుకుని రివెట్ల దగ్గర సందులు వస్తాయి, కొన్నాళ్లకోసారి అవిసె నూనె పట్టించే ఓపిక ఉంటేనే.

షాపులో చేతికిస్తే గోరుతో పిడికీ ఇనుముకీ మధ్య అతుకు మీద గీసి చూడండి. గోరు తట్టుకుందంటే అక్కడే నీళ్లు దూరతాయి.

విశాఖ_వాన:
అబ్బో, చాలా థాంక్స్. ఇంకో డౌట్, డమాస్కస్ అని అలలు అలలుగా డిజైన్ ఉన్నవి రెండు వేలకే వస్తున్నాయి, అవి?

కొలిమి_సెగ:
వదిలేయండి. పాతకాలం డమాస్కస్ కత్తుల కోసం నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తీసి పర్షియా వర్తకులకు అమ్మిన ఉక్కు వేరు, ఇది వేరు. ఇప్పుడు అమ్మేవి రెండు రకాల స్టీళ్లను అతికించి, మడిచి, యాసిడ్‌లో ముంచినవి. పేరున్నవాళ్లు చేస్తే బాగుంటాయి, ఖరీదూ ఉంటుంది. రెండు వేలదాంట్లో ఏ స్టీల్ కలిపాడో అమ్మేవాడికే తెలీదు.

మంచుదేశం:
కార్బన్ కావాలంటే భయపడక్కర్లేదు కూడా. మామిడికాయ కోస్తే నల్లబడుతుంది చూడండి, అది తుప్పు కాదు, ఆ నలుపు పొర తుప్పును కొంత ఆపుతుంది. వాడాక తుడిచి ఓ చుక్క నూనె రాస్తే చాలు.

ఆదిలాబాద్_బాట:
అన్నా, స్వీడన్ చలిలో కూర్చుని చెప్తే ఎలా, వైజాగ్‌లో జూలైలో తోలు ఒరలో పెట్టి మర్చిపోతే వారంలో ఎర్రబడుతుంది. తోలు తేమను పట్టుకుని కూర్చుంటుంది. కార్బన్ అయితే ఇంట్లో ఒరలోంచి తీసి పెట్టాలి, లేదంటే ప్లాస్టిక్ ఒరే నయం.

నల్లమల_నీడ:
ఒక్క మాట. తోటలో మీ ఇష్టం గానీ అభయారణ్యాల్లోకి తీసుకెళ్లకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ఆయుధం అన్న నిర్వచనంలో కత్తి కూడా ఉంది, రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి పట్టుకెళ్లడం 31వ సెక్షన్ కింద తప్పు. పాపికొండలైనా, అమ్రాబాద్ అయినా అంతే. నాలుగంగుళాల కత్తే కదా అంటే చెక్‌పోస్ట్ దగ్గర వినరు.

విశాఖ_వాన:
ఇది నిజంగా తెలీదు, థాంక్సండీ. అయితే స్టెయిన్‌లెస్ మోరా తీసుకుంటా, కమ్మరాయనకి కట్టెలు కొట్టే పెద్ద కత్తి చెప్తా. సాన రాయి ఏది కొనాలి?

కొలిమి_సెగ:
నీళ్లతో తడిపి వాడే, రెండు వైపులా పనికొచ్చే రాయి, గరుకు నంబరు 400 ఒకవైపు, నున్నటి 1000 ఒకవైపు. రోడ్డు మీద సాన పట్టేవాళ్ల చక్రానికి మాత్రం ఇవ్వొద్దు, ఆ వాలు గుండ్రమైపోతుంది, అంచు నీలంగా కాలిపోతుంది.