గోల్డ్‌స్టర్మ్ ఆకులు జూలైకే నల్లబడుతున్నాయి. బతుకమ్మ దాకా పసుపు పూలు ఉండాలంటే?

పెరడు_మేరీలాండ్

మాది అమెరికాలో మేరీలాండ్, చలి తీవ్రతను బట్టి చేసిన తోటల విభజనలో జోన్ 7. ఇంటి ముందు 4 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు మడి. బంకమట్టి. పొద్దున్నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా ఎండ. నాలుగేళ్ల కిందట పెట్టిన రడ్‌బెకియా గోల్డ్‌స్టర్మ్ (ఏటా పసుపు పూలు పూసే దుబ్బు మొక్క) ఇప్పుడు మడంతా అల్లుకుపోయింది, మధ్యలో మట్టి కూడా కనిపించదు. జూన్ నెలాఖరుకు కింది ఆకుల మీద ముదురు గోధుమ రంగు మచ్చలు మొదలవుతాయి. జూలైలో పూలు విచ్చే సరికి సగం మొక్క దాకా ఆకులు మాడినట్టు నల్లగా ఉంటాయి. పూలకు మాత్రం లోటు లేదు. లాన్ స్ప్రింక్లరే దీన్నీ తడుపుతుంది, వారానికి మూడు సాయంత్రాలు.

అడగాల్సినవి మూడు. మందు కొట్టాలా, మొత్తం పీకేయాలా? పక్కనే విత్తనం చల్లిన ఇంకో రకం (పువ్వు పెద్దది, ఆకు మీద నూగు ఉంటుంది) మొదటి ఏడు విరగబూసి మరుసటి ఏడు రానే లేదు, ఎందుకు? చివరిది: గోల్డ్‌స్టర్మ్ పూలు సెప్టెంబర్ సగానికి అయిపోతాయి. బతుకమ్మకు పసుపు పూలు పెరట్లోనే దొరకాలంటే ఏం కలపాలి?

దుబ్బు_పిలక

మీరు చెప్పిన తీరు చూస్తే సెప్టోరియా ఆకుమచ్చ తెగులు. ఖాయం చేసుకోవాలంటే మచ్చ పడిన ఆకు ఒకటి తెంపి భూతద్దం కింద పెట్టండి. మచ్చ లోపల సూదిమొనంత నల్ల చుక్కలు కనిపిస్తే శిలీంద్రమే. చుక్కలు లేకుండా, మచ్చ ఆకు ఈనెల మధ్య ఇరుక్కుని కోణాలు కోణాలుగా ఉంటే బాక్టీరియా మచ్చ అయ్యుండొచ్చు. రెంటికీ చేయాల్సిన పని దాదాపు ఒకటే.

ఈ శిలీంద్రం చలికాలమంతా నేల మీద రాలిన పాత ఆకుల్లో ఉంటుంది. వసంతంలో వాన చినుకో స్ప్రింక్లర్ నీరో నేలను తాకి చిందినప్పుడు కింది ఆకులకు అంటుకుంటుంది. అక్కణ్నుంచి ఒక్కో చిందుకు ఒక్కో మెట్టు పైకి. ఆకు ఎంతసేపు తడిగా ఉంటే దానికి అంత మేలు. మీ మడిలో సాయంత్రం తడిసిన ఆకు తెల్లారే దాకా ఆరదు, దుబ్బులు ఒత్తుగా ఉండటంతో లోపలికి గాలీ ఆడదు.

మందు సంగతి. క్లోరోథాలోనిల్, కాపర్ మందులు ఆరోగ్యంగా ఉన్న ఆకుకు కాపలా కాస్తాయంతే, పడిన మచ్చను పోగొట్టవు. కొడితే ఏప్రిల్‌లో కొత్త ఆకులు విచ్చుకునేటప్పుడే మొదలుపెట్టి, డబ్బా మీద రాసిన వ్యవధి ప్రకారం మళ్లీ మళ్లీ కొట్టాలి. జూలైలో నల్లబడ్డాక కొట్టడం డబ్బు దండగ. నా మాట అడిగితే ఏప్రిల్‌లో కూడా వద్దంటాను. ఈ తెగులు మొక్కను చంపదు, పూలను ఆపదు, చూడ్డానికే బాగోదు. దానికోసం తేనెటీగలు మూగే మడిలో మందెందుకు?

వరస ఇదీ. స్ప్రింక్లర్ తల ఒకటి మడి వైపు రాకుండా తిప్పేయండి లేదా మూసేయండి. మడికి సోకర్ హోస్ (ఒళ్లంతా నీరు ఊరే గొట్టం) పరచండి, పొద్దున పూట పెట్టండి. మొదటి మచ్చలు కనబడగానే, ఆకులు పొడిగా ఉన్నప్పుడు, కింది ఆకులు తుంచి సంచిలో వేసి చెత్తలోకి పంపండి. ఇంటి కంపోస్ట్ కుప్ప ఈ శిలీంద్రం చచ్చేంత వేడెక్కదు, అందులో వేయకండి. మార్చిలో పాత కాడలన్నీ నేలకు 2 అంగుళాల ఎత్తున కోసేసి, అడుగున చలికి అణిగి ఉన్న మచ్చల ఆకులు కూడా ఏరేయండి. అందరూ వదిలేసేది ఆ అడుగు ఆకులనే. ఆ తర్వాత 2 అంగుళాల కొత్త మల్చ్ (నేలను కప్పే చెక్కపొట్టు లాంటిది) పరిస్తే నేల మీది చిందు ఆగుతుంది. మొక్క మొదలు మీదికి మాత్రం ఎగదోయొద్దు, కుళ్లుతుంది.

గింజల కోసం గోల్డ్‌ఫించ్ పిట్టలు వస్తాయని చలికాలం కాడలు ఉంచుకునేవారు ఉంటారు. ఉంచండి, ఆకులు మాత్రం దూసేయండి.

మట్టిపని

పైన చెప్పినవన్నీ సరే కానీ, దుబ్బులు పలచన చేయకపోతే ఏదీ పనిచేయదు. గోల్డ్‌స్టర్మ్ నేల లోపల పిలకలు వేస్తూ పాకుతుంది, మూడు నాలుగేళ్లకోసారి విడదీయాలి.

పిలకలు 2–3 అంగుళాలు లేచినప్పుడు, అంటే మీ వైపు ఏప్రిల్‌లో, ముందు రోజు మడి బాగా తడపండి. దుబ్బు చుట్టూ 6 అంగుళాల దూరంలో పార నిలువుగా దించి, 8 అంగుళాల లోతు నుంచి పైకి ఎత్తండి. పదునైన పారతోనే ముక్కలు చేయండి. ఒక్కో ముక్కకు 3 నుంచి 5 పిలకలు, వాటి సొంత వేళ్లు ఉండాలి. నడిమి గట్టి భాగం పనికిరాదు, పారేయండి. ముందు ఎంత లోతున ఉందో అంతే లోతున, ముక్కకూ ముక్కకూ 18 నుంచి 24 అంగుళాలు వదిలి నాటండి. 24 లెక్కన మీ మడికి రెండు వరసల్లో 12 మొక్కలు సరిపోతాయి. చూడ్డానికి బోడిగా ఉందని మధ్యలో ఇంకోటి గుచ్చాలనిపిస్తుంది, గుచ్చొద్దు.

నాటే ముందు 2 అంగుళాల కంపోస్ట్ మట్టిలో కలిపితే చాలు. లాన్ ఎరువు మడిలోకి పడకుండా చూడండి. నత్రజని ఎక్కువైతే ఆకు బలిసి కాడలు వాలిపోతాయి. విడదీసిన ఏడు వారానికి అంగుళం నీరు, మీ 48 చదరపు అడుగులకు అది సుమారు 30 గ్యాలన్లు. వాన పడిన వారం ఆ మేరకు తగ్గించండి. వేరు నిలదొక్కుకున్నాక మరుసటి ఏడు నుంచి బాగా ఎండగాసిన వారాల్లో పెడితే చాలు.

రకం మార్చడానికి అభ్యంతరం లేకపోతే, విడదీసిన ముక్కలు సగమే నాటి మిగతా చోట అమెరికన్ గోల్డ్ రష్ పెట్టండి. ఆకు సన్నం, నూగు ఉంటుంది, ఈ మచ్చ తెగులును బాగా తట్టుకుంటుంది. 1999లో గోల్డ్‌స్టర్మ్‌కు వచ్చిన ‘పెరెన్నియల్ ప్లాంట్ ఆఫ్ ది ఇయర్’ గుర్తింపే 2023లో దీనికి వచ్చింది. ఎత్తు సుమారు రెండడుగులు, చోటుంటే వెడల్పు ఇంకాస్త ఎక్కువే.

విత్తుల_సంచి

రెండో ప్రశ్నకు జవాబు: మీరు చల్లింది రడ్‌బెకియా హిర్టా. మేరీలాండ్ రాష్ట్ర పుష్పం (1918 నుంచి) అదే. బ్లాక్ ఐడ్ సూసన్ పేరుతో రెండూ అమ్ముతారు కానీ, గోల్డ్‌స్టర్మ్ ఫుల్జిడా జాతి, అది ఏళ్ల తరబడి ఉంటుంది. హిర్టా ఆయుష్షు ఒకటి నుంచి మూడేళ్లు. మొదటి ఏడే విరగబూసిందంటే చాలాసార్లు అక్కడితో సరి. తడి బంకమట్టిలో చలికాలం దాటడం ఇంకా కష్టం. సెప్టెంబర్‌లో కొన్ని పూలు గింజకట్టనిస్తే రాలి అవే మొలుస్తాయి. మీరు మల్చ్ మందంగా పరిచి ఉంటే గింజకు వెలుతురు తగలదు, అందుకే మొలవలేదేమో.

విత్తేటప్పుడు కూడా గింజను పూడ్చొద్దు. మట్టి మీద చల్లి అరచేత్తో అదమండి. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఒకటి నుంచి మూడు వారాల్లో మొలుస్తుంది, ముందు చలి చూపించనక్కర్లేదు. ఫుల్జిడా, ఎకినేషియా గింజలకైతే తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో ఒక నెల ఉంచడం మేలు.

ఇక బతుకమ్మ. పండుగ సెప్టెంబర్ మూడో వారం నుంచి అక్టోబర్ మూడో వారం మధ్య ఎప్పుడైనా పడుతుంది, అధికమాసం వచ్చిన ఏడు ఆలస్యం. కాబట్టి ఒక్క మొక్కను నమ్ముకోవద్దు.

మే నెలాఖరున గోల్డ్‌స్టర్మ్ దుబ్బుల్లో సగం వాటిని మూడో వంతు ఎత్తు కత్తిరించండి. అవి మిగతా వాటికన్నా సుమారు రెండు వారాలు ఆలస్యంగా, పొట్టిగా పూస్తాయి. హిర్టా విత్తిన మూడు నాలుగు నెలలకు పూస్తుంది, మే చివర్లో ఒక విడత విత్తితే సెప్టెంబర్‌లో కొత్త పూలు. వాడిన పూలు ఆకు కణుపు దాకా తెంపుతూ ఉంటే ఇంకొన్నాళ్లు సాగుతుంది.

అసలు పండుగ మొక్క హీలియాంథస్ అంగస్టిఫోలియస్, స్వాంప్ సన్‌ఫ్లవర్. పసుపు రేకులు, మధ్యలో ముదురు రంగు బొడిపె, 2–3 అంగుళాల పువ్వు, సెప్టెంబర్ చివర్నుంచి అక్టోబర్ దాకా పూస్తుంది, బంకమట్టి అంటే ఇష్టం. ఆరడుగులు దాటుతుంది కనక మడి వెనక పెట్టి, జూన్‌లో సగానికి కత్తిరించండి. పాకే గుణం ఉంది, ఏటా వసంతంలో అంచులు పారతో కోయాలి. తంగేడు అక్కడి చలికి ఆగదు కానీ, గునుగు, బంతి మే చివర్లోనో జూన్ మొదట్లోనో విత్తుకుంటే ఆ ఏడాదికి వస్తాయి. పళ్లెం నిండేది వాటితోనే, మిగతావి రంగుకు.

పెరడు_మేరీలాండ్

ధన్యవాదాలండీ. మచ్చల్లో నల్ల చుక్కలు ఉన్నాయి, శిలీంద్రమే. ఇంకో సందేహం. ఓ మూల దుబ్బులో కొన్ని పూల రేకులు ఆకుపచ్చగా వచ్చాయి, నడుమ బొడిపె నుంచి చిన్న ఆకుల్లాంటివి లేస్తున్నాయి. ఇదీ ఆ తెగులేనా?

దుబ్బు_పిలక

కాదు, ఇది వేరే. ఆస్టర్ ఎల్లోస్ అంటారు. దీపపు పురుగులు (లీఫ్‌హాపర్లు) రోగమున్న మొక్క రసం పీల్చి ఆ రోగాన్ని ఇంకో మొక్కకు మోసుకొస్తాయి. మందు లేదు. ఆ దుబ్బును వేళ్లతో సహా ఇవాళే తీసేయండి, పూలున్న కాడలు మాత్రమే కోస్తే లాభం లేదు, రోగం మొక్క అంతటా ఉంటుంది. మడి చుట్టూ డాండెలైన్, ప్లాంటెయిన్ లాంటి కలుపు ఉంటే పీకండి, అవీ దాన్ని దాచుకుంటాయి. ఖాళీ అయిన చోట రడ్‌బెకియా మళ్లీ పెట్టుకోవచ్చు, ఇది మట్టి ద్వారా రాదు. ఏప్రిల్‌లో విడదీసేటప్పుడు మాత్రం ఆ మూల పక్కనున్న మొక్కల ముక్కలు వేరే మడికి తీసుకెళ్లకండి, ఒక ఏడు పూలు చూశాకే.

హైదరాబాద్_మేడతోట

మధ్యలో అడుగుతున్నాను. ఇక్కడ కుండీలో ఇవి వస్తాయా?

విత్తుల_సంచి

హిర్టా వస్తుందండీ, చలికాలపు పూలమొక్కలాగా. అక్టోబర్‌లో విత్తి, నాలుగైదు ఆకులకు 10 అంగుళాల కుండీకి ఒకటి చొప్పున నాటండి. ఎండలు ముదిరితే అయిపోతుంది. ఫుల్జిడా జోలికి పోవద్దు. నర్సరీలో బ్లాక్ ఐడ్ సూసన్ అని తీగ ఇస్తే అది థన్‌బెర్జియా, దీనికి చుట్టం కూడా కాదు. మేడ మీద ఎండకు ఆగేది కావాలంటే గైలార్డియా వేయండి. కుండీ మట్టిలో మూడో వంతు ఇసుక కలపండి, నీరు నిలవకపోతే చాలు, వాడిన పూలు తెంపేకొద్దీ పూస్తూనే ఉంటుంది.