పోలీసులు, వారెంట్, వాయిదా: న్యూజెర్సీ శాసనసభ్యురాలి లేఖకు తెలుగు మాటలు

ప్రశ్న (ఎడిసన్ నుంచి ఒక సభ్యురాలు):

అందరికీ నమస్కారం. మా నియోజకవర్గం శాసనసభ్యురాలు ఇంగ్లిష్‌లో పంపే లేఖను తెలుగు చేసి, మా కాంప్లెక్స్‌లో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లకు ఇద్దామనుకుంటున్నాం. అందులో సగం రాష్ట్ర బడ్జెట్ గురించి, సగం ఇమ్మిగ్రేషన్ ఎన్‌ఫోర్స్‌మెంట్ గురించి. రెండోదానికి ‘వలస చట్టాల అమలు’ అని రాసి మా అత్తయ్యగారికి చూపిస్తే, ‘అంటే వీసా ఆఫీసు సంగతా?’ అని అడిగారు. డిటెన్షన్, డిటైనర్, వారెంట్, డిపోర్టేషన్... వీటికి ఏం మాటలు వాడమంటారు?

జవాబు:

మీ అత్తయ్యగారికి అలా వినపడటంలో తప్పేమీ లేదండీ. ‘అమలు’ అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన ప్రభుత్వ కచేరీల్లోకి వచ్చిన మాట. పథకం అమలు, జీవో అమలు అని రోజూ పేపర్లో చదువుతాం. తెల్లవారుజామున పార్కింగ్ లాట్‌లో మనిషిని ఆపి బండెక్కించడం ఆ మాటలో వినపడదు. పైన శీర్షికకు ‘ఇమ్మిగ్రేషన్ చట్టాల అమలు’ అని ఉంచుకున్నా, లోపల మాత్రం క్రియలు రాయండి. ఎవరు ఆపారు, ఎవరు పట్టుకున్నారు, ఎక్కడ ఉంచారు. కర్త లేని వాక్యం ఒక్కటి కూడా రానివ్వకండి. ‘అదుపులోకి తీసుకోవడం జరిగింది’ అనే ధోరణి మన వార్తల్లో పాతుకుపోయింది. ఈ లేఖకు మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే ఆ పని ఎవరు చేశారన్నదే ఇందులో అసలు సంగతి.

అందుకే ఐసీఈ (అమెరికా కేంద్ర ప్రభుత్వపు, అంటే ఫెడరల్, ఇమ్మిగ్రేషన్ ఏజెన్సీ) వాళ్లను ‘పోలీసులు’ అని రాయొద్దు. మనం మాట్లాడేటప్పుడు యూనిఫాం వేసుకున్న ప్రతివాణ్ణీ పోలీసు అనేస్తాం. వాళ్ల చొక్కాల మీద కూడా చాలాసార్లు ఆ మాటే కనిపిస్తుంది. కానీ న్యూజెర్సీలో 2018 నవంబర్‌లో అప్పటి అటార్నీ జనరల్ గుర్బీర్ గ్రేవాల్ ఇమ్మిగ్రెంట్ ట్రస్ట్ డైరెక్టివ్ అని ఒక ఆదేశం జారీ చేశారు. 2019 మార్చి నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం టౌన్, కౌంటీ, స్టేట్ పోలీసులు కేవలం ఇమ్మిగ్రేషన్ స్టేటస్ మీద అనుమానంతో ఎవరినీ ఆపకూడదు, ప్రశ్నించకూడదు, అరెస్టు చేయకూడదు. ఐసీఈ సివిల్ ఆపరేషన్లలో పాలుపంచుకోకూడదు. మినహాయింపులు ఉన్నాయి గానీ మూలసూత్రం ఇది. ఓషన్, కేప్ మే కౌంటీలు దీనిమీద కోర్టుకు వెళ్తే 2021లో థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్స్ కోర్టు డైరెక్టివ్ వైపే నిలబడింది.

ఇల్లు దోచుకున్నా, భర్త కొట్టినా జనం భయపడకుండా పోలీసులకు ఫోన్ చేయాలన్నది దీని ఉద్దేశం. మీ అనువాదంలో ‘పోలీసులు వచ్చి తీసుకెళ్లారు’ అని ఒక్క వాక్యం పడితే ఆ ఉద్దేశం అక్కడే పోయింది. అది చదివిన పెద్దావిడ రేపు ఏం జరిగినా అత్యవసర నంబరు 911 నొక్కరు. కాబట్టి ‘ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లు’ అనండి, లేదా ‘ఐసీఈ వాళ్లు’ అనండి. ‘మన టౌన్ పోలీసులు’ అన్నది వేరే మాటగా, ప్రతిచోటా విడిగా కనపడాలి.

‘ప్రభుత్వం’తోనూ ఇదే చిక్కు. లేఖలో కొన్ని పనులు రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌వి, కొన్ని వాషింగ్టన్‌వి. ఉత్త ‘ప్రభుత్వం’ అని రాస్తే రెండూ కలిసిపోతాయి. ‘రాష్ట్రం’, ‘కేంద్రం’ అని రాయడానికి కొందరు మొహమాటపడతారు, అవి ఇండియా మాటలని. నాకైతే ఆ అభ్యంతరం లేదు. పెద్దవాళ్లకు ఆ జంట పుట్టినప్పటి నుంచీ తెలుసు, వెంటనే అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త చెప్తాను. ‘ఎమ్మెల్యే’ అని రాస్తే, అబ్బాయిని పట్టుకెళ్తే ఎమ్మెల్యేగారు ఫోన్ చేసి విడిపిస్తారని ఆశ పెట్టుకుంటారు. ఇక్కడ నలభై నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు. వాళ్లెవరికీ ఐసీఈ మీద అధికారం లేదు. అలాంటి కేసులో అడగాల్సింది కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుని, ముందుగా లాయర్ని. ఈ ముక్క లేఖలో లేకపోయినా అడుగున మీరే చేర్చండి.

ఇక డిటెన్షన్. ‘నిర్బంధం’ సరైన మాటే. గృహ నిర్బంధం వినీ వినీ ఉన్నాం కాబట్టి ఎవరికైనా తెలుస్తుంది. నెవార్క్‌లోని డెలానీ హాల్‌ని ‘నిర్బంధ కేంద్రం’ అనండి, ‘జైలు’ అనొద్దు. అది 2025 మేలో మళ్లీ తెరిచిన వెయ్యి పడకల కేంద్రం. నడిపేది జియో గ్రూప్ అనే ప్రైవేటు కంపెనీ. లోపల ఉన్నవాళ్లకు అది జైలు కంటే తక్కువేమీ కాదు, నాకు తెలుసు. కానీ ‘జైలు’ అనగానే మన మనసు ‘ఏం నేరం చేశాడో’ అన్న ప్రశ్నకు పోతుంది. ఇమ్మిగ్రేషన్ కేసులు మామూలుగా సివిల్ కేసులు. వీసా గడువు దాటి ఉండిపోవడం క్రిమినల్ నేరం కాదు. అందుకే ‘నిందితుడు’, ‘ముద్దాయి’, ‘ఖైదీ’ మూడూ తప్పే. ‘నిర్బంధంలో ఉన్న వ్యక్తి’ అని రాస్తే చాలు.

ఈ తేడా మన తెలుగువాళ్ల ఇళ్లదాకా వచ్చిన సందర్భం ఉంది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం గుర్తుందా? ఆ యూనివర్సిటీ అసలు లేదు. ఫెడరల్ ఏజెంట్లే వలగా పెట్టారు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు. అప్పుడు పట్టుబడ్డ సుమారు 130 మంది విద్యార్థుల మీద ఉన్నవి సివిల్ ఇమ్మిగ్రేషన్ కేసులు. వాళ్లలో చాలామంది మన రెండు రాష్ట్రాల పిల్లలే. ఇంటిదగ్గర మాత్రం అందరి సంగతీ ‘అరెస్టయ్యాడంట’ అన్న ఒక్క మాటతోనే చేరింది. ఊళ్లో ఆ తల్లిదండ్రులు తలెత్తుకోలేకపోయి ఉంటారు. మాట సరిగ్గా పడి ఉంటే ఆ భారం కొంతైనా తగ్గేది.

వారెంట్‌కు తెలుగు మాట వెతకొద్దు. ‘వారెంట్’ అందరికీ తెలుసు. అయితే అది ఏ వారెంట్ అన్నది ప్రతిసారీ చెప్పాలి. ‘జ్యుడీషియల్’, ‘అడ్మినిస్ట్రేటివ్’ అన్న విశేషణాలు పెద్దవాళ్లకు చేరవు. ‘జడ్జి సంతకం ఉన్న వారెంట్’, ‘ఏజెన్సీ ఆఫీసరు సంతకం ఉన్న వారెంట్’ అనండి. రెండోది ఐ-200, ఐ-205 అనే ఫారాల మీద వస్తుంది. అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ ప్రకారం కోర్టులు ఏళ్లుగా చెబుతూ వచ్చింది ఏమిటంటే, ఆ రెండో రకం కాగితం చూపించి ఇంటివాళ్ల అనుమతి లేకుండా లోపలికి రాకూడదు. ఫెడరల్ వైపు నుంచి ఆ హద్దును ఇప్పుడు ప్రశ్నిస్తున్నారు, కాబట్టి పక్కన లాయర్ హాట్‌లైన్ నంబరు తప్పకుండా వేయండి. ‘న్యాయపరమైన అధిపత్రం’, ‘పాలనాపరమైన అధిపత్రం’ అని ఎవరో రాసిన కరపత్రం చూశాను. తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. ఆ మనిషి చూడాల్సింది కాగితం అడుగున సంతకం ఎవరిదని. ఆ చూపు మన వాక్యంలోనే ఉండాలి.

డిటైనర్‌ను చాలామంది ‘నిర్బంధ ఆదేశం’ అంటున్నారు. అది ఆదేశం కాదు. ‘మీ జైల్లో ఉన్న ఫలానా మనిషిని విడిచిపెట్టే సమయం దాటాక ఇంకో 48 గంటల వరకు ఉంచండి, మేమొచ్చి తీసుకెళ్తాం’ అని ఐసీఈ స్థానిక జైలును అడగడం. పెన్సిల్వేనియాలోని లీహై కౌంటీ జైలు ఇలాంటి కాగితం చూసి ఒక అమెరికా పౌరుణ్ణే ఆపేస్తే, 2014లో థర్డ్ సర్క్యూట్ కోర్టు ఇది విజ్ఞప్తి మాత్రమే, పాటించి తీరాలన్న నియమం లేదని తేల్చింది. న్యూజెర్సీ కూడా ఆ కోర్టు పరిధిలోనిదే. కాబట్టి ‘ఆపి ఉంచమని ఐసీఈ చేసే విజ్ఞప్తి’. మాట పొడుగైనా ఫరవాలేదు.

మధ్యలో ఒక సభ్యుడు (హైదరాబాద్):

అన్నా, ఇంత అవసరమా? ఇంగ్లిష్ మాటలు అట్లనే తెలుగు లిపిల రాస్తే అయిపాయె కదా. అందరికీ అవే అలవాటు. ఇంకోటి, డిపోర్టేషన్‌కు ‘దేశ బహిష్కరణ’ అని పేపర్లు రాస్తున్నయి, అది బాగనే ఉంది కదా?

జవాబు:

తమ్ముడూ, అలవాటున్న మాటను నేనూ మార్చమనను. బడ్జెట్, టాక్స్, వీసా, వారెంట్ అలాగే ఉండాలి. ‘డిటైనర్’ మాత్రం నీకూ నాకూ కూడా అలవాటు లేని మాట. దాన్ని తెలుగు లిపిలో రాసినంత మాత్రాన తెలుగు అయిపోదు.

‘దేశ బహిష్కరణ’ నాకు నచ్చదు. మన దగ్గర బహిష్కరణ అంటే వెలివేయడం, కుల బహిష్కరణ. రౌడీషీటర్లకు హైదరాబాద్‌లో వేసే ‘నగర బహిష్కరణ’ నీకు తెలియనిది కాదు. ఎవరో తప్పుచేసినవాణ్ణి సమాజం గెంటేసినట్టు వినపడుతుంది. ‘తిప్పి పంపడం’ కూడా కుదరదు, అది ఎయిర్‌పోర్టు దగ్గరే లోపలికి రానివ్వకపోవడం. ‘దేశం నుంచి పంపించేయడం’ అనేది సాదాగా, కచ్చితంగా ఉంటుంది. ‘అక్రమ వలసదారు’ బదులు కూడా ‘సరైన పత్రాలు లేనివారు’ అంటాను, లేఖలో ఉన్న ‘అన్‌డాక్యుమెంటెడ్’ అన్న ఇంగ్లిష్ మాట చెప్పేది కూడా అదే.

పనిలో పని, శరణార్థులకు మనకున్న పాత మాట ‘కాందిశీకులు’. సంస్కృతంలో ‘కాం దిశం’, అంటే ‘ఏ దిక్కుకు పోను?’ అన్న ప్రశ్నలోంచి పుట్టింది. 1942లో బర్మా నుంచి మనవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని నడిచి వచ్చినప్పుడు వాళ్లను ఈ మాటతోనే పిలిచారు. విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది. హైదరాబాద్‌లో ‘కాందిశీకుల భూములు’ అని రెవెన్యూ రికార్డుల్లో కనపడేదీ ఇదే. లేఖలో అసైలం అడిగినవాళ్ల ప్రస్తావన ఉంటే ‘ఆశ్రయం కోరినవారు’ అని రాయడం తేలిక, నిజమే. అయినా ఈ మాట మన నోట్లోంచి జారిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

చాలా థాంక్సండీ. బడ్జెట్ సగం మేమే చేసేశాం, ఒకసారి చూస్తారా? ‘న్యూజెర్సీ ద్రవ్య వినిమయ బిల్లు 58.8 కోట్లు. సీనియర్లకు ఇంటి పన్ను మాఫీ. జూన్ 30లోగా బిల్లు పాస్ కాకపోతే రాష్ట్రం బంద్.’

జవాబు:

ముందు అంకె మార్చండి. 2025 జూన్ 30న అప్పటి గవర్నర్ మర్ఫీ సంతకం చేసిన బడ్జెట్ 58.8 బిలియన్ డాలర్లు. ఒక బిలియన్ అంటే వంద కోట్లు, కాబట్టి 5,880 కోట్ల డాలర్లు. ఈ పొరపాటు పేపర్లలో కూడా దొర్లుతుంటుంది. పక్కనే వాషింగ్టన్ అంకె కూడా వేస్తే రెండు ఖజానాల తేడా కనపడుతుంది. 2025 జులై 4న సంతకమైన ఫెడరల్ చట్టం ఒక్క నిర్బంధ కేంద్రాలకే 4,500 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బు రాష్ట్రానిది కాదు, దాన్ని ఆపడం మీ శాసనసభ్యురాలి చేతిలోనూ లేదు. ప్రైవేటు నిర్బంధ కేంద్రాలు ఉండకూడదని న్యూజెర్సీ 2021లో చట్టం చేసినా, ఎలిజబెత్ ఊళ్లో అలాంటి నిర్బంధ కేంద్రాన్ని నడిపే కంపెనీ కోర్టుకెళ్తే 2025 జులైలో థర్డ్ సర్క్యూట్ ఆ కంపెనీకే అనుకూలంగా తీర్పిచ్చింది. రాష్ట్రం చేయగలిగింది, చేస్తున్నది వేరే ఉంది. నిర్బంధంలో ఉన్నవాళ్లకు లాయర్లను పెట్టడానికి 2018 నుంచి తన బడ్జెట్‌లోంచి డబ్బిస్తోంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ఫెడరల్ సర్కారు లాయర్ని ఇవ్వదు కాబట్టి అది చిన్న సంగతి కాదు. మీ లేఖలో రెండు సగాలూ కలిసేది ఇక్కడే. ఈ పేరా మాత్రం కుదించకండి.

‘ద్రవ్య వినిమయ బిల్లు’ మన అసెంబ్లీల్లో ఉన్న మాటే, సరైనదే. పెద్దవాళ్ల కోసం పక్కన ‘ఖర్చుకు అనుమతిచ్చే బిల్లు’ అని ఒక ముక్క చేర్చండి.

‘మాఫీ’ తీసేయాల్సిందే. రుణమాఫీ విన్న చెవులకు అది ‘ఇక కట్టక్కర్లేదు’ అని వినపడుతుంది. యాంకర్, సీనియర్ ఫ్రీజ్, స్టే ఎన్‌జే అనే ఇంటి పన్ను ఊరట పథకాలేవీ మాఫీలు కావు. సీనియర్ ఫ్రీజ్ అయితే ముందు పన్ను మొత్తం కట్టాలి, తర్వాత పెరిగినంత మేరకు తిరిగి వస్తుంది. దాన్ని ‘వాపసు’ అనండి. మాఫీ అనుకుని కట్టడం మానేస్తే ఇంటి మీదకు వస్తుంది.

‘బంద్’ కూడా వద్దు, బంద్ అంటే ఎవరో పిలుపిచ్చేది. 2017 జులైలో బడ్జెట్ కుదరక మూడు రోజులు స్టేట్ పార్కులు, మోటార్ వెహికల్ ఆఫీసులు మూతపడ్డాయి. మనకున్నట్టు ఓటాన్ అకౌంట్‌తో నెట్టుకురావడం అక్కడ కుదరలేదు. ‘రాష్ట్ర ఆఫీసులు మూతపడతాయి’ అని రాస్తే సరిపోతుంది.

అదే సభ్యురాలు:

అన్నీ మార్చేస్తాను. ఆఖరిది. ‘ఇమ్మిగ్రేషన్ కోర్టులో వాయిదా ఉంటే తప్పకుండా వెళ్లండి’ అని రాశాం. ఇది ఓకేనా?

జవాబు:

ఇది అన్నిటికన్నా ముందు మార్చండి. ‘రేపు కోర్టు వాయిదా ఉంది’ అంటే వెళ్లాల్సిన తేదీ. ‘కేసు వాయిదా పడింది’ అంటే వెళ్లక్కర్లేని తేదీ. మాట్లాడేటప్పుడు ఈ రెండిటి దగ్గరా మనం ఎప్పుడూ పొరపడం. కానీ కాగితం మీద, కంగారులో, సగం చదివి వదిలేసే మనిషి రెండో అర్థం తీసుకోవచ్చు. ఇమ్మిగ్రేషన్ కోర్టుకు వెళ్లకపోతే, మనిషి లేకుండానే పంపించేయమని జడ్జి ఉత్తర్వు ఇచ్చేయగలరు. ‘విచారణ’ అన్నా పోలీసు విచారణ అనుకునే వీలుంది. ‘మీరు కోర్టుకు వెళ్లాల్సిన తేదీ’ అని రాయండి. తేదీ, గది నంబరు రాసుకోవడానికి కింద ఖాళీ గీతలు కూడా వేయించండి.