సముద్రం చూసొచ్చిన రీలు: కడిగితే చాలా, విప్పాల్సిందేనా?

గాలం_నల్లగొండ

అన్నలూ, ఒక పంచాయితీ తీర్చండి. సంక్రాంతి సెలవుల్లో ముగ్గురం బాపట్ల దగ్గర సూర్యలంకకు పోయాం. నాది 4000 సైజు స్పిన్నింగ్ రీలు, గాలం రాడ్‌కు బిగించి లైన్ (దారం) చుట్టేది. మోకాళ్ల లోతులో నిలబడి వేస్తుంటే ఒక అల కొట్టి రాడ్ చేజారింది, రీలు తడి ఇసుకలో కూరుకుపోయింది. దొరికింది రెండు జెల్లలు, అది వేరే సంగతి. ఇంటికొచ్చాక నల్లా ఫుల్లుగా తిప్పి దాని కింద కడిగి, తుడిచి అటక మీద పెట్టాను. ఎండాకాలమంతా బాగానే ఉంది, చెరువు మీద కొర్రమీనుకు రెండుసార్లు వాడాను కూడా. మొన్న నాలుగు రోజులు ముసురు పట్టాక తీసి తిప్పితే గరగరమంటోంది.

బండి మెకానిక్ అయిన మా బాబాయి విప్పి గ్రీజు మార్చమంటాడు. నాతో వచ్చిన దోస్తేమో కడిగావు కదా, విప్పితే మళ్లీ కుదరదు అంటాడు. సముద్రానికి పోయొచ్చిన ప్రతిసారీ విప్పాల్సిందేనా?

పాలమూరు_పాతకాపు

విప్పకు తమ్మీ. నేను విప్పి చేతులు కాల్చుకున్నాను. రోటర్ (లైన్ చుట్టడానికి గిర్రున తిరిగే భాగం) తీయగానే చిన్న స్ప్రింగ్ ఒకటి ఎగిరి మంచం కిందికి పోయింది. టార్చి వేసుకుని ఇల్లంతా ఊడ్చి వెతికాం, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అది దొరికింది గానీ, మంచిపని చేస్తున్నాననుకుని హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే యాంటీ రివర్స్ క్లచ్ నిండా బండి గ్రీజు కూరాను. బిగించి చూస్తే హ్యాండిల్ వెనక్కి కూడా తిరుగుతోంది. మూడు వేల రూపాయల రీలు పిల్లల ఆటవస్తువైంది.

తర్వాత కొన్నదాన్ని ఇంతవరకు విప్పలేదు. ఏడాదికి రెండుసార్లు చీరాల ఓడరేవు పోతాను. డ్రాగ్ (చేప లాగితే లైన్‌ను పట్టి వదిలే బ్రేకు) గట్టిగా బిగించి సన్నటి ధారతో కడగడం, ఆరాక డ్రాగ్ వదులు చేయడం, లైన్ రోలర్ (లైన్ ఆనుకుని పోయే చిన్న చక్రం) దగ్గర, హ్యాండిల్ పిడి దగ్గర చెరో చుక్క కుట్టుమిషన్ నూనె. అంతే నా సర్వీసు.

మిర్యాలగూడ_మిల్లు

పాతకాపన్నా, ఆ రీలు పోయింది విప్పినందుకు కాదు, క్లచ్‌లో గ్రీజు కూరినందుకు. దాంట్లో సన్నటి రోలర్లుంటాయి. అవి టక్కున ఇరుక్కుంటేనే హ్యాండిల్ వెనక్కి పోకుండా ఆగుతుంది. చిక్కటి గ్రీజులో అవి కదలవు, జారతాయి. అక్కడ పలుచటి నూనె తడి తగిలితే చాలు. గ్రీజు గేర్లకు. నేను రైస్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను, గ్రీజు తక్కువై పాడైన మిషన్లతో పాటు ఎక్కడ పడితే అక్కడ గ్రీజు పెట్టి పాడుచేసినవీ చూశాను.

ఇక తమ్ముడి రీలు సంగతి. ఎండాకాలం బాగుండి ముసుర్లో గరగరలాడింది అన్నావు చూడు, అసలు విషయం అక్కడే ఉంది. మీ వంటింట్లో కళ్లుప్పు డబ్బా చూడు. మే నెలలో పొడిపొడిగా ఉంటుంది, వానలు పడగానే చెమ్మగిల్లి అడుగున నీరూరుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, అది గాలిలోని తేమను లాక్కుంటుంది. జనవరిలో నీ రీలు లోపలికి పోయిన ఉప్పు ఎండి కూర్చుంది. ఇప్పుడు తేమ తగిలి పనిచేయడం మొదలుపెట్టింది. అల్యూమినియం మీద తెల్లటి పొడి, ఇత్తడి పినియన్ (చిన్న గేరు) ఉంటే దాని మీద పచ్చటి చిలుం, స్టీల్ బేరింగ్‌లో తుప్పు కనిపిస్తాయి. పైన ఎంత తుడిచినా లోపలిది పోదు.

పైగా నల్లా ఫుల్లుగా తిప్పి కడిగావు. ఆ తోపుకు పైనున్న ఉప్పు, ఇసుక సందుల్లోంచి లోపలికి పోతాయి.

పాలమూరు_పాతకాపు

సరే, మరి కంపెనీవాళ్లే విప్పొద్దంటే? డైవా మాగ్‌సీల్ రీళ్లున్నాయి. లోపల అయస్కాంతం పట్టి ఉంచే నూనె నీళ్లను ఆపుతుంది. ఆ చోట్ల మనం విప్పొద్దు, నూనె వేయొద్దు అని కంపెనీయే చెప్తుంది. మీ మాట విని ఎవరైనా దాంట్లో చుక్క వేస్తే ఆ సీలు పోదా?

మిర్యాలగూడ_మిల్లు

పోతుంది. దాన్ని సర్వీస్ సెంటర్‌కే పంపాలి, ఒప్పుకుంటున్నా. ప్రతిసారీ విప్పమని కూడా నేననను. పొడి ఒడ్డు మీద నిలబడి వేసి, రీలు మీద తుంపర్లు మాత్రమే పడితే మీ పద్ధతి చాలు. నీళ్లలో మునిగితేనో, ఇసుకలో పడితేనో ఆ వారంలోనే విప్పాలి. తమ్ముడు ఆర్నెల్లు ఆగాడు.

దేవరకొండ_బోరు

అందరూ కడిగే మాటే అంటున్నారు, ఏ నీళ్లతో అని ఎవరూ అడగరేం? మన ఇళ్లలో నల్లా అంటే సగం చోట్ల బోరే. ఉప్పునీళ్లు అనే కదా పిలుస్తాం! ఉప్పు పోగొట్టడానికి ఉప్పునీళ్లా? అందులో మన నల్లగొండ ఫ్లోరైడ్ ఒకటి.

మిర్యాలగూడ_మిల్లు

ఫ్లోరైడ్ పేరెత్తితే మనకు అన్నీ దాని మీదికే పోతాయి. తాగే నీళ్లలో దాని హద్దు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంతకు నాలుగింతలున్నా మిల్లీగ్రాముల్లోనే లెక్క, పళ్లకూ ఎముకలకూ చేటు గానీ రీలుకు లెక్కలోది కాదు. బోరు నీళ్లు 1500 టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) అనుకో, లీటరుకు ఒకటిన్నర గ్రాములు. సముద్రం నీళ్లలో దాదాపు 35 గ్రాములు. అంటే బోరుతో కడిగినా చాలా ఉప్పు పోతుంది. కాకపోతే అది ఆరితే గీజర్ రాడ్ మీద కట్టినట్టు తెల్లటి పొర కడుతుంది. చివర్లో ఒక మగ్గు మిషన్ భగీరథ మంచినీళ్లు పోసి తుడిస్తే సరి. అంతకన్నా ముఖ్యం, ఇంటికొచ్చేదాకా ఆగకుండా ఒడ్డునే రెండు లీటర్ల మంచినీళ్ల బాటిల్‌తో కడగడం. వేడినీళ్లు వద్దు. ఉప్పు చన్నీళ్లలోనూ దాదాపు అంతే కరుగుతుంది, వేడికి గ్రీజు పలుచబడుతుంది.

గాలం_నల్లగొండ

ఆదివారం విప్పాను. పాత లుంగీ పరిచి, ఒక్కో భాగం తీసిన కొద్దీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటూ, స్క్రూలను టీ కప్పుల్లో వరసగా వేశాను. రోటర్ తీసేటప్పుడు స్ప్రింగ్ ఎగరకుండా పైన పాలిథిన్ కవర్ కప్పాను, పాతకాపన్న పుణ్యం.

పెద్ద గేరు పళ్లు బాగున్నాయి, గ్రీజు మాత్రం బూడిదరంగుకు తిరిగి ఇసుక తగులుతోంది. కిరోసిన్‌తో కడిగి కొత్తది పెట్టాను. డ్రాగ్ వాషర్ల జోలికి పోలేదు. లైన్ రోలర్ బేరింగ్ మాత్రం పూర్తిగా పట్టేసింది. ఇన్నాళ్లూ రోలర్ తిరగకుండా లైనే దాని మీద ఒరుసుకుంటూ పోయిందన్నమాట, పోయినసారి చేప పడ్డప్పుడు లైన్ తెగింది అందుకేనేమో. గేరు వైపు గరగర పోయింది. బేరింగ్ లోపలి, బయటి కొలతలు, మందం రాసుకున్నాను. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడిగితే అదే సైజులో మామూలు స్టీల్ ఒకటి, స్టెయిన్‌లెస్ ఒకటి ఉన్నాయన్నారు. రెంటికీ ధరలో బాగా తేడా ఉంది.

పాలమూరు_పాతకాపు

మళ్లీ సూర్యలంక పోయేదుంటే స్టెయిన్‌లెస్సే తీసుకో. పక్కలకు రేకు మూతలున్నది కాదు, రబ్బరు సీళ్లున్నది అడుగు. నాకూ ఒకటి తెచ్చిపెట్టు తమ్మీ. నిన్న రాత్రి నా రోలర్‌ను వేలితో తిప్పి చూశాను.