నాకంటే పెద్దవాళ్ల మీద ఇన్‌ఛార్జినయ్యాను, లోపలి బెరుకు పోయేదెలా? (చర్చ)

చల్లగది, గుంటూరు:
అందరికీ నమస్కారం. మిర్చి యార్డుకి కాస్త దూరంలో ఒక కోల్డ్ స్టోరేజీలో పని చేస్తున్నాను. పేరు వద్దులెండి. తొమ్మిదేళ్ల క్రితం బాండ్లు (దాచిన సరుకుకిచ్చే రసీదులు) రాసే కుర్రాడిగా చేరాను. మొన్న ఉగాది అయ్యాక ఓనరు గారు పిలిచి "ఇకనుంచి ఇన్‌ఛార్జివి నువ్వే" అన్నారు. నాకు 32 ఏళ్లు. స్టాఫ్ పన్నెండుమంది, మూటలు మోసే ముఠా వాళ్లు వేరే. ఆ పన్నెండుమందిలో ఒక గుమస్తా గారున్నారు. తాలు కాయ ఏదో, మంచి కాయ ఏదో చూడటం దగ్గర్నుంచి నాకు అన్నీ నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయనకి నేను పని చెప్పాలి. నోరు పెగలట్లేదు.

"ఎల్లుండికి మూడో చాంబర్ ఖాళీ చేయాలి" అని గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టడానికి నాలుగుసార్లు రాసి చెరుపుతున్నాను. ఓనరు గారు నవ్వుతూ పలకరిస్తే ఆ రోజు నేనే రాజు. ముభావంగా ఉంటే నేనేం తప్పు చేశానా అని రాత్రంతా టెన్షన్. బయటి ఊళ్ల నుంచి ఎక్స్‌పోర్టు వాళ్లొచ్చి ఇంగ్లీషు మొదలుపెడితే ఇంకా ముడుచుకుపోతాను, నాది తెలుగు మీడియం. ధైర్యంగా ఉన్నట్టు కనపడమని అందరూ చెప్తారు. కనపడటం సంగతి సరే, లోపల ఉండాలంటే ఏం చేయాలి? మీకెవరికైనా ఇలా జరిగి ఉంటే చెప్పండి. మోటివేషన్ వీడియోలు మాత్రం పంపొద్దు, చాలా చూశాను.

బ్రాడీపేట బాబాయ్:
వీడియోలు వద్దన్నావు, బతికించావు. మా చిన్నప్పటి నుంచీ ధైర్యం అనగానే 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ అప్పుడు ప్రకాశం పంతులు గారు తుపాకీకి గుండె చూపించిన సంగతే చెప్తారు. గొప్పదే, కాదనను. కానీ నీకు ఎదురుగా ఉన్నది తుపాకీ కాదుగా, తెల్లారి ఆరింటికి ముఠా మేస్త్రి ముఖం. దానికి ఎవరూ ఉపాయం చెప్పలేదు మరి.

ఆటోనగర్ షెడ్డు, విజయవాడ:
నాది లారీ బాడీలు కట్టే షెడ్డు. నాన్న పోయాక 26 ఏళ్లకి మీద పడింది. వెల్డర్లు, కార్పెంటర్లు అందరూ నాన్న కాలం వాళ్లు. నువ్వు నోరు పెగలక బాధపడుతున్నావు, నేను నోరు మూయక చెడ్డాను. రెండేళ్లు అరుపులే. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే నన్ను తక్కువ చేస్తున్నాడనే అనుకునేవాణ్ణి. లోపల మాత్రం నీ బెరుకే.

ఒకసారి వెనక డోరు కొలత నేనే తప్పు రాసిచ్చాను. రేకు మొత్తం కోసేశారు. అలవాటు ప్రకారం హెల్పర్ మీద విరుచుకుపడబోయాను, కాగితం మీద ఉన్నది నా చేతిరాత. పాత కార్పెంటర్ చూస్తూ నిలబడ్డాడు, ఏమీ అనలేదు. "తప్పు నాదే, రేకు డబ్బులు నా ఖాతాలో రాయండి" అన్నాను. అంటుంటే చెవులు వేడెక్కిపోయాయి. ఇక షెడ్డులో నా మాట చెల్లదనుకున్నాను. మర్నాడు అదే కార్పెంటర్ కొత్త కొలత కాగితం పట్టుకొచ్చి "ఒకసారి నువ్వు కూడా చూడు" అన్నాడు. నాన్న పోయాక ఆయన నన్ను చూడమని అడగడం అదే మొదటిసారి.

ఆ రోజుతో మారిపోయానని చెప్పను. ఇప్పటికీ అరుస్తాను. కాకపోతే తప్పు ఒప్పుకుంటే మనిషి చిన్నబోడని ఒంటికి తెలిసింది. చదివితే తెలిసే రకం కాదది.

సింగ్‌నగర్ ఆర్పీ:
తమ్ముడూ, నేను డ్వాక్రా గ్రూపులు చూసే ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ని). మీటింగులో మైకు ఇస్తే చేతులు చల్లబడే మనిషిని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు కింది వాటాలన్నీ మునిగాయి. మర్నాటికి అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద. మేడ మీద ఉన్న మా నాలుగు బిల్డింగుల్లో ఎవరింట్లో పసిపిల్లలున్నారో, ఎవరు మంచాన ఉన్నారో తెలిసింది నాకే, ఎందుకంటే గ్రూపు పుస్తకాలు నా దగ్గర ఉంటాయి. పడవ వచ్చినప్పుడు పాల ప్యాకెట్లు ముందు ఎటు వెళ్లాలో మేడ మీద నుంచి అరిచి చెప్పాను. ధైర్యం ఉందా లేదా అని చూసుకునే తీరిక ఎక్కడిది.

ఇందులో అసలు చెప్పాల్సింది ఇంకోటుంది. రెండో రోజు వెనక వాటాలో ఒక బాలింతని మర్చిపోయాను. వాళ్లత్త నలుగురిలో నన్ను కడిగేసింది. ఆ రాత్రి ట్యాంకు పక్కన కూర్చుని ఏడ్చాను, ఇంక ఎవరికీ ఏమీ చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను. తెల్లారి పడవ మోత వినపడింది. లేచి వెళ్లాను, ముందు ఆ బాలింత ఇంటికే పంపించాను. ఆ అత్తగారు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. అయినా నా లెక్కలో నేను తగ్గిపోలేదు. ఇది ఎలా వచ్చిందో చెప్పమంటే చెప్పలేను.

సైకాలజీ లెక్చరర్:
ఆర్పీ గారు చెప్పలేనన్నదానికి మా పుస్తకాల్లో ఒక మాట ఉంది. ఆల్బర్ట్ బందూరా 1977లో రాశారు. "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందట: స్వయంగా చేసి చూడటం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, నమ్మకమైనవాళ్ల మాట, అప్పటి మన ఒంటి స్థితి. వీటిలో గట్టిది మొదటిది. మీకు "కాన్ఫిడెంట్‌గా ఉండు" అని చెప్పినవాళ్లంతా మూడోదాని మీదే పడ్డారు. అర్హత ఉండి కూడా "నేను దొంగచాటుగా ఈ కుర్చీలోకి వచ్చాను, ఎప్పుడో పట్టుబడతాను" అనిపించడం గురించి 1978లోనే పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ రాశారు. వాళ్లు చూసింది బాగా పైకొచ్చిన ఆడవాళ్లని. అంటే పదవి పెరిగితే ఇది దానంతటదే పోదు.

రిటైర్డ్ పర్సనల్ ఆఫీసర్:
లెక్చరర్ గారూ, మీ మాట సరే గానీ, ప్రతిదాన్నీ మనసు మీదకి నెట్టడం నాకు నచ్చదు. చల్లగది బాబూ, మూడు ప్రశ్నలు. నీ స్టాఫ్‌కి సెలవు ఎవరిస్తారు? ముఠా కూలి ఎవరు మాట్లాడతారు? అర్జంటు పనొస్తే ఓనరు నీకు ఫోన్ చేస్తాడా, గుమస్తాకి చేస్తాడా?

చల్లగది:
సెలవు ఓనరు గారే. కూలీ ఆయనే. ఫోన్... గుమస్తా గారికే, పాత అలవాటు.

రిటైర్డ్ పర్సనల్ ఆఫీసర్:
అనుకున్నాను. తాళాలు ఆయన జేబులో పెట్టుకుని గొళ్లేనికి నిన్ను కాపలా పెట్టాడు. నీ బెరుకులో సగం నీది కాదు. వెళ్లి అడుగు. మూడూ ఇవ్వకపోయినా ఒకటైనా నీ చేతికి రావాలి.

ఆటోనగర్ షెడ్డు:
సార్, మా షెడ్డులో తాళాలన్నీ నా దగ్గరే ఉండేవి. అయినా రెండేళ్లు వణికాను. అడగమనడం కరెక్టే, దాంతో అంతా సర్దుకుంటుందని మాత్రం చెప్పకండి.

రిటైర్డ్ పర్సనల్ ఆఫీసర్:
సగం అన్నాను కదయ్యా.

నైట్ డ్యూటీ సిస్టర్:
వార్డు ఇన్‌ఛార్జిని. ఒక చిన్న మాట. నిద్ర పట్టకపోవడం ఎన్ని వారాలుగా ఉంది? గుండె దడ, తిండి సయించకపోవడం కూడా ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి. ఆసుపత్రికి వెళ్లడానికి మొహమాటమైతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ప్రభుత్వానిదే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఇక ఇంగ్లీషు విషయం. మా దగ్గర డాక్టర్లు ఇంగ్లీషులో గబగబా చెప్తుంటే నేను మొదట తల ఊపేదాన్ని. ఇప్పుడు "సార్, డోసు ఇంకోసారి చెప్పండి" అంటాను. తల ఊపి తప్పు మందు ఇవ్వడం కంటే అడగడం నయం కదా. అడిగినందుకు ఇంతవరకు ఎవరూ నవ్వలేదు, ఒకాయన విసుక్కున్నాడంతే.

చల్లగది (ఐదు వారాల తర్వాత):
ఆలస్యానికి క్షమించండి, ఏసీ సరుకు (చాంబర్లలో దాచిన మిర్చి) బయటికి వెళ్తోంది, ఊపిరాడట్లేదు. ఓనరు గారిని అడిగాను. సెలవులు నాకిచ్చారు, కూలి మాత్రం ఆయనే చూసుకుంటానన్నారు. ఫోన్లు ఇంకా గుమస్తా గారికే వస్తున్నాయి, కాకపోతే ఆయన "అబ్బాయికి చెప్పండి" అని నాకిచ్చేస్తున్నారు.

అదెలా జరిగిందంటే, ఒకరోజు టీ తాగుతూ ఆయనతో అనేశాను, "బాబాయ్, మీకు పని చెప్పాలంటే నాకు నోరు రావట్లేదు" అని. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఆ పోస్టుకి ముందు నన్నే అడిగార్రా. రాత్రిళ్లు బాండ్ల మీద అంకెలు కనపడట్లేదు, నావల్ల కాదన్నాను. నీ పేరు చెప్పింది నేనే. నువ్వేమో నా ముందు దొంగలా తిరుగుతున్నావు" అన్నారు. మూడు నెలలు ఆయన కుర్చీ లాక్కున్నట్టు నలిగిపోయాను నేను. ఒక్కసారి అడిగి ఉంటే!

ఇంకోటి. పోయిన వారం ఒక రైతు తేజ రకం మిర్చి టిక్కీల్లో (బస్తాల్లో) 334 అనే వేరే రకం టిక్కీలు కలిసిపోయి లారీ ఎక్కబోయాయి. లాటు చూసి సంతకం పెట్టింది నేనే. షెడ్డు అన్న మాట గుర్తొచ్చింది. రైతు దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను. చేతులు వణికాయి. ఆయన తిట్టాల్సినంత తిట్టాడు, దగ్గరుండి మార్పించుకుని వెళ్లాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది, విచిత్రంగా.

ఓనరు గారి ముఖం వంక చూడటం మాత్రం మానలేదు. ఇవాళ పొద్దున కూడా చూశాను.

సింగ్‌నగర్ ఆర్పీ:
చూస్తే చూశావులే తమ్ముడూ, జీతం ఇచ్చేది ఆయనేగా.

బ్రాడీపేట బాబాయ్:
అదంతా సరే, గ్రూపులో మెసేజ్ ఇప్పుడు ఎన్నిసార్లు చెరుపుతున్నావు?

చల్లగది:
రెండుసార్లు.